పాత అంబాసిడర్‌కి ఘాట్ ఎక్కే బలం ఎక్కడినుంచి తేవాలి

విశాఖ నుంచి అరకు వెళ్తూ ఎస్.కోట దాటి ఘాట్ మొదలవగానే బండి చతికిలబడుతోందని, వెనకాల బస్సు హారన్ కొడుతుంటే టెన్షన్ వస్తోందని చెప్పేవాళ్ళు ఆ వెంటనే అడిగే మాట ఒకటే: "రెండు కార్బొరేటర్లు పెట్టిస్తే సరిపోద్దా మాస్టారూ?" కొందరైతే ఇంజన్ దింపించి బోరింగ్ (సిలిండర్ల లోపలి గోడ కోయించి పెద్దది చేయడం) చేయించడానికి అడ్వాన్స్ కూడా ఇచ్చేసి వస్తారు. ఆ రెండూ చివర చేయాల్సిన పనులు. వాటికంటే ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. వాటి గురించే ఇదంతా.

నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇంట్లో నాన్నగారు కొన్న 1978 మార్క్ త్రీ పెట్రోలు బండి ఉంది. నా దగ్గర చదువుకున్న కుర్రాడొకడు గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపు నడుపుతున్నాడు. హెడ్డు (సిలిండర్ల మీద బిగించే, వాల్వులుండే భాగం) పని ఏదైనా అతని దగ్గరే, నేను పక్కన నిలబడి చేయిస్తాను. ఇక్కడ చెప్పే అంకెలు 1489 సీసీ అంబాసిడర్‌వి. ఫియట్, పద్మిని ఉన్నవాళ్ళకి పద్ధతి అదే, అంకెలు మాత్రం వాళ్ళ మాన్యువల్ చూసుకోవాలి.

ఈ ఇంజన్ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ బి-సిరీస్. బోరు 73 మిల్లీమీటర్లు, స్ట్రోకు 88.9. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు 50 హార్స్‌పవర్‌కి కాస్త అటూ ఇటూ ఇచ్చేది. ఇదే 1489 సీసీ ఇంజన్‌ని 1955లో ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులో పెట్టి మొదట 68, తర్వాత 72 హార్స్‌పవర్ తీశారు. బోరు అదే, స్ట్రోకు అదే, క్రాంకుని మోసే మెయిన్ బేరింగులు అవే మూడు. గాలి లోపలికి వెళ్ళే దారి, పొగ బయటికి వచ్చే దారి, కంప్రెషన్ (పిస్టన్ లోపలి గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ లెక్క), ఈ మూడే ముఖ్యంగా మారాయి. అంటే మన బండి బానెట్ కింద ఇంకా బలం ఉంది, అది బోరులో లేదు, హెడ్డులో ఉంది.

అయితే ఎంజీఏ 72 హార్స్‌పవర్ వచ్చేది 5500 ఆర్‌పీఎమ్ దగ్గర. ఘాట్ ఎక్కేటప్పుడు మన ఇంజన్ తిరిగేది 2000, 3000 మధ్యలో. అక్కడ లాగే శక్తి పెరగకుండా పైన ఎంత పెరిగినా అనంతగిరి రోడ్డు మీద పనికిరాదు. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే ఏ పార్టు కొనాలో, ఏది వద్దో మీకే తెలుస్తుంది. ఇంకో సంగతి, నలభై ఏళ్ళు దాటిన ఇంజన్ ఆ 50 కూడా ఇవ్వదు. వాల్వు కొంత, కార్బొరేటర్ కొంత, డిస్ట్రిబ్యూటర్ కొంత తినేసి ఉంటాయి. ముందు ఆ పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవాలి, ఆ తర్వాతే కొత్తగా కలపాలి.

ముందు కొలవండి

చెవితో విని "పికప్ పెరిగింది" అనుకోవడం నాకు నచ్చదు. సైలెన్సర్ శబ్దం పెరిగినా పికప్ పెరిగినట్టే అనిపిస్తుంది.

కంప్రెషన్ గేజి ఒకటి కొనుక్కోండి. ఇంజన్ బాగా వేడెక్కాక కాయిల్ వైరు తీసి పక్కన పెట్టి, నాలుగు ప్లగ్గులూ విప్పేయండి. ఒకరు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొడుతుంటే, ముల్లు పెరగడం ఆగేదాకా చూసి అంకె రాసుకోండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటకూడదు. ఏదైనా తక్కువ చూపిస్తే దానిలో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్ళీ చూడండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి. పెరగకపోతే వాల్వు కారుతోంది. పక్కపక్కనున్న రెండు సిలిండర్లూ కలిసి పడిపోతే వాటి మధ్య హెడ్ గాస్కెట్ పోయింది. ఈ ఒక్క పరీక్షతో మీ డబ్బు హెడ్డు మీద పెట్టాలో, కింద పిస్టన్ల మీద పెట్టాలో తేలిపోతుంది. ఇది చేయకుండా ఇంజన్ దింపమనే మెకానిక్ మాట వినకండి.

వాక్యూమ్ గేజి ఇంకా బాగా మాట్లాడుతుంది. మన విశాఖ సముద్రమట్టం మీదే ఉంది కాబట్టి పుస్తకంలోని అంకెల్ని దిద్దుకోకుండా వాడుకోవచ్చు. స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా) ఉన్నప్పుడు ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలబడాలి. ఒకే లయలో టక్కున పడి లేస్తుంటే ఏదో ఒక వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదు. మెల్లగా అటూ ఇటూ ఊగితే మిక్చర్ తేడా. కదలకుండానే తక్కువ చూపిస్తే టైమింగ్ (ప్లగ్గులో నిప్పు పడే వేళ) వెనకబడి ఉండొచ్చు, మ్యానిఫోల్డ్ దగ్గర గాలి లీకైనా కావచ్చు.

మూడో కొలత రోడ్డు మీద. తెల్లవారుజామున భీమిలి బీచ్ రోడ్డులో ఖాళీగా, చదునుగా ఉన్న ముక్క ఒకటి ఎంచుకోండి. టాప్ గేరులో 40 నుంచి 60కి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడాలి. ఫోన్‌లో టైం పక్కన కూర్చున్నవాళ్ళు చూడాలి, మీరు రోడ్డు చూడాలి. అటు ఒకసారి, ఇటు ఒకసారి వెళ్ళి సగటు తీయండి. సముద్రపు గాలి ఒకవైపు నుంచి తోస్తుంటే ఒక్క వైపు తీసిన అంకె మోసం చేస్తుంది. ప్రతి మార్పు తర్వాతా ఇదే ముక్క మీద, ఇంచుమించు ఇదే వేళకి మళ్ళీ చూడండి. ఒకేసారి రెండు మార్పులు చేయొద్దు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

ఇంజన్ జోలికి వెళ్ళేముందు బండిని జాకీ మీద లేపి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూడండి. డ్రమ్ము బ్రేకు పట్టేసిన చక్రం ఒక్కటున్నా ఇంజన్ బలం అక్కడే కరిగిపోతుంది. టైర్ల గాలి చూడండి. క్లచ్ జారుతోందేమో చూడండి. ఎక్కుడులో ఇంజన్ శబ్దం పెరిగి, బండి వేగం పెరగకపోతే అది క్లచ్చే.

నిప్పు సరిగ్గా పడాలి

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి రోటర్ కింద షాఫ్టుని పట్టుకుని పక్కకి ఊపండి. ఊగితే బుష్ అరిగింది. అలాంటి దానిలో పాయింట్ల (కాయిల్ కరెంటుని తెంపే స్విచ్చు) గ్యాప్ ఎంత జాగ్రత్తగా పెట్టినా ప్రతి సిలిండర్‌కీ టైమింగ్ ఒక్కోలా పడుతుంది. బుష్ మార్పించడం లేత్ షాపులో చిన్న పని. ఆ తర్వాత పాయింట్ల గ్యాప్ 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ), ప్లగ్గుల గ్యాప్ 25 థౌ పెట్టండి. లోపల బరువులూ స్ప్రింగులూ తుప్పు పట్టి బిగుసుకుపోతే వేగం పెరిగినా టైమింగ్ ముందుకి జరగదు. రోటర్‌ని చేత్తో కొంచెం తిప్పి వదిలితే అది తనంతట తాను వెనక్కి రావాలి. వాక్యూమ్ యూనిట్ పైపుని నోటితో పీల్చి చూడండి. లోపలి ప్లేటు కదలకపోతే డయాఫ్రం చిరిగింది.

విశాఖలో ఇంకో బాధ ఉంది. ఉప్పు తేమ డిస్ట్రిబ్యూటర్ మూత లోపల పట్టి సన్నటి నల్ల గీతలు పడతాయి. కరెంటు ప్లగ్గుకి వెళ్ళకుండా ఆ గీత వెంట పారిపోతుంది. వానాకాలంలో పొద్దున్నే మిస్సింగ్ వచ్చి, ఎండెక్కాక సర్దుకునే బళ్ళలో చాలావాటి జబ్బు ఇదే. మూత, రోటర్, ప్లగ్గు వైర్లు మూడూ కలిపి కొత్తవి వేసేయండి.

టైమింగ్ లైటుతో చూసినప్పుడు 3500 ఆర్‌పీఎమ్ దగ్గర, వాక్యూమ్ పైపు తీసేసి, మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరేలోపే నిప్పు పడటం) 30 నుంచి 32 డిగ్రీల దగ్గర ఉంటే ఈ ఇంజన్ సంతోషంగా ఉంటుంది. తర్వాత సింహాచలం ఘాట్‌లో థర్డ్ గేరులో ఎక్కించి వినండి. లోపల గులకరాళ్ళు కదిలినట్టు నాకింగ్ వినిపిస్తే కొంచెం వెనక్కి తీయాలి. పాయింట్ల స్థానంలో ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కిట్ పెట్టుకోవచ్చు, నేనూ పెట్టాను. అది హార్స్‌పవర్ కలపదు, ఉన్నదాన్ని నెలల తరబడి చెదరకుండా ఉంచుతుంది. షాఫ్టు ఊగే డిస్ట్రిబ్యూటర్‌లో పెడితే మాత్రం డబ్బు దండగ.

ట్యాపెట్లు

రాకర్ ఆర్మ్ కొసకీ వాల్వు కాడకీ మధ్య గ్యాప్ 15 థౌ. ఎనిమిది వాల్వులకి తొమ్మిది లెక్క వాడండి. 1వ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉన్నప్పుడు 8వది సెట్ చేయాలి. 3వది తెరుచుకుంటే 6వది. రెండూ కలిపితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ప్లగ్గులు తీసేసి, ముందునుంచి హ్యాండిల్ పెట్టి తిప్పుకుంటే పని సులువు.

చాలామంది గమనించనిది రాకర్ ఆర్మ్ కొస. వాల్వుని నొక్కే చోట చిన్న గుంట పడి ఉంటుంది. ఫిల్లర్ గేజి ఆ గుంట మీద వంతెనలా పడుకుంటుంది. గేజి 15 అని చెప్తుంది, అసలు గ్యాప్ 20 ఉంటుంది. గ్యాప్ పెరిగితే వాల్వు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది, తెరుచుకునే ఎత్తు కూడా తగ్గుతుంది. రాకర్లని విప్పి ఆ కొసని గ్రైండ్ చేయించండి, షాఫ్టు అరిగుంటే మార్చండి. డయల్ గేజి దొరికితే ఒక్కో పుష్ రాడ్ ఎంత ఎత్తు లేస్తోందో కూడా కొలవండి. ఎనిమిదిలో ఒకటి రెండు మిగతావాటికంటే తక్కువ లేస్తుంటే కామ్ షాఫ్ట్ ముక్కు అరిగింది. అలాంటి ఇంజన్‌కి పైన ఏం చేసినా ఆ సిలిండర్ వెనకబడే ఉంటుంది.

కార్బొరేటర్, ఇప్పటి పెట్రోలు

ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. మన కార్బొరేటర్ జెట్లు అసలు ఇథనాలే లేని పెట్రోలుకి లెక్కగట్టినవి. మామూలు పెట్రోలు ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు. ఇరవై శాతం కలిస్తే ఆ అంకె 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే అదే గాలికి ఎనిమిది శాతం పైగా ఇంధనం ఎక్కువ పోయాలి. పాత జెట్టే ఉంచితే మిక్చర్ లీన్ (గాలి ఎక్కువ, ఇంధనం తక్కువ) అయిపోతుంది, బండి లాగదు, ఎగ్జాస్ట్ వాల్వు వేడెక్కి కాలిపోతుంది. "ఈమధ్య బండి బలం తగ్గింది" అనే మాటల్లో కొంత దీనివల్లే.

సోలెక్స్ జెట్ల మీద ఉండే నంబరు రంధ్రం కొలత. 120 అంటే 1.20 మిల్లీమీటర్లు. వైశాల్యం ఎనిమిది శాతం పెరగాలంటే వ్యాసం నాలుగు శాతం పెరిగితే చాలు, అంటే 120 ఉన్నచోట 125 పెట్టాలి. సూదితో రంధ్రం పెద్దది చేయించకండి. రంధ్రం గుండ్రంగా ఉండదు, ఎంత పెరిగిందో కొలవడానికీ ఉండదు. కొత్త జెట్టు వేసి ఓ ఇరవై కిలోమీటర్లు గట్టిగా నడిపి, యాక్సిలరేటర్ వేసి ఉండగానే ఇంజన్ ఆపి ప్లగ్గు తీసి చూడండి. పింగాణీ లేత గోధుమ రంగులో ఉంటే బాగుంది. సున్నం పూసినట్టు తెల్లగా ఉంటే ఇంకా లీన్.

జెట్టు మార్చేముందు థ్రాటిల్ షాఫ్టుని ఊపి చూడండి. అక్కడ ఆట ఉంటే లోపలికి దొంగగాలి పోతుంది, స్లో ఎప్పటికీ కుదరదు. బాడీకి బుష్ వేయించాలి.

ఇథనాల్ రబ్బరుని తింటుంది. పెట్రోలు గొట్టాలు, పంపు డయాఫ్రం ఇథనాల్ తట్టుకునే రకానివి వేయకపోతే కారడం మొదలవుతుంది. కారిన పెట్రోలు పడేది వేడి ఎగ్జాస్ట్ మీద, ఎందుకంటే ఈ ఇంజన్‌లో కార్బొరేటర్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే వైపు ఉన్నాయి. కాబట్టి బలం సంగతి తర్వాత, గొట్టాలు ఈ వారమే మార్చండి. ఇథనాల్ గాలిలోని తేమని కూడా పీల్చుకుంటుంది. మన ఊరి తేమలో సగం ఖాళీ ట్యాంకుతో నెలంతా నిలబెట్టిన బండి అడుగున నీళ్ళు చేరి తుప్పు పడుతుంది. ఆదివారం ఒక్కరోజే తీసే బండైతే ట్యాంకు నిండుగా ఉంచండి.

మే నెలలో ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో నిలబడి, సిగ్నల్ పడ్డాక బండి కదలకపోతే అది వేపర్ లాక్, అంటే పెట్రోలు వేడికి దారిలోనే ఆవిరై అడ్డుపడటం. పెట్రోలు పంపు మీద తడి గుడ్డ చుట్టడం మన డ్రైవర్లకి తెలిసిన వైద్యమే. శాశ్వత వైద్యం ఏమిటంటే కార్బొరేటర్ కింద మందపాటి బేకలైట్ ముక్క, దానికీ ఎగ్జాస్ట్‌కీ మధ్య అల్యూమినియం రేకు. బానెట్ కింద గాలి బయటి గాలికంటే 30 డిగ్రీలు వేడిగా ఉంటే దాని సాంద్రత తొమ్మిది శాతం తక్కువ, ఇంజన్ బలం కూడా దాంతోపాటు కొంత తగ్గుతుంది. గ్రిల్ వెనకనుంచి ఎయిర్ ఫిల్టర్ దాకా ఒక గొట్టం వేసి చల్లగాలి తెప్పించండి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చే పని ఈ బండిలో ఇంకొకటి లేదు.

హెడ్డు

నా దృష్టిలో మీరు పెట్టే డబ్బులో సగం ఇక్కడ పెట్టాలి.

ఈ ఇంజన్ హెడ్డులో గుండె ఆకారంలో ఉండే కంబశ్చన్ చాంబర్ హ్యారీ వెస్లేక్ రూపకల్పన. చాంబర్ బాగుంటుంది. ఇబ్బంది పోర్టుల్లో ఉంది. ఇన్‌లెట్ పోర్టులు రెండే, రెండేసి సిలిండర్లు ఒకదాన్ని పంచుకుంటాయి. ఎగ్జాస్ట్ పోర్టులు మూడు, నడిమిది 2, 3 సిలిండర్లకి ఉమ్మడి. నాలుగు పిస్టన్లు రెండు ద్వారాల గుండా ఊపిరి పీల్చాలి కాబట్టి ఆ ద్వారాల్లో ఏ చిన్న అడ్డు ఉన్నా బలం పడిపోతుంది.

హెడ్డు దింపగానే కార్బన్ గీసేసి, వాల్వులు, గైడ్లు చూడండి. వాల్వు కాడ గైడులో ఊగితే గైడ్లు మార్చాలి, అది చేయకుండా సీటు కోయించడం వృథా. సీటుని 45 డిగ్రీలతో పాటు పైన 30, కింద 60 డిగ్రీల కోతలు పెట్టించండి. ఇన్‌లెట్ సీటు వెడల్పు ఒకటిన్నర మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌ది రెండు దగ్గర ఉండేలా చూడండి. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిని సీటులోకే దించుకోవాలి కాబట్టి దాన్ని మరీ సన్నగా చేయకూడదు. ఆఖర్న గ్రైండింగ్ పేస్టుతో చేత్తో తిప్పి కూర్చోబెట్టి, చాంబర్‌లో పెట్రోలు పోసి పోర్టులోకి కారుతోందేమో చూడాలి.

దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిసిన పెట్రోలు ఆగిపోయింది. పాత పోత ఇనుము హెడ్డులో విడి సీటు లేకపోతే, వెనకటికి సీసమే ఎగ్జాస్ట్ సీటుని కాపాడేది. ఇప్పుడు ఆ రక్షణ లేదు. సీటు మెల్లగా లోపలికి దిగుతుంటుంది, ట్యాపెట్ గ్యాప్ దానంతట అదే తగ్గిపోతుంది. మీ బండి ట్యాపెట్లు మాటిమాటికీ బిగుసుకుంటుంటే ఇదే కారణం. హెడ్డు ఎలాగూ లేత్ షాపులో ఉన్నప్పుడే ఎగ్జాస్ట్ వైపు గట్టి స్టీలు సీట్లు వేయించండి.

పోర్టింగ్ అంటే రంధ్రం పెద్దది చేయడం అనుకుంటారు. ఘాట్ ఎక్కాల్సిన బండికి పెద్ద పోర్టు పనికిరాదు. గాలి వేగం తగ్గి, తక్కువ ఆర్‌పీఎమ్‌లో లాగడం మానేస్తుంది. చేయాల్సింది రెండే. మొదటిది, మ్యానిఫోల్డ్ రంధ్రం, గాస్కెట్ రంధ్రం, హెడ్డు రంధ్రం మూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా అంచులు గీయడం. కొన్ని హెడ్లలో పోతపోసినప్పటి మెట్టు రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, అది గాలికి గోడే. రెండోది, వాల్వు సీటు కింద గిన్నెలా ఉండే భాగంలో గరుకునీ, గైడు చుట్టూ ఉన్న పదునైన అంచునీ నునుపు చేయడం. గాలి వంపు తిరిగే లోపలివైపు నేలని ముట్టుకోకండి. ఇన్‌లెట్‌ని అద్దంలా పాలిష్ చేయొద్దు. 80 నంబరు ఎమరీతో ఆపేస్తే పెట్రోలు గోడకి అంటకుండా గాలిలో కలిసి వెళ్తుంది. ఎగ్జాస్ట్‌ని ఎంత నునుపు చేసినా మంచిదే, కార్బన్ పట్టదు.

ఇక కంప్రెషన్. దాన్ని పెంచడానికి హెడ్డు అడుగు గీయించడాన్ని ఫేసింగ్ అంటారు. మా కుర్రాడు ఒకసారి, "ఇంకో ముప్పై థౌ ఫేసింగ్ చేసేద్దాం మాస్టారూ, పికప్ అదిరిపోద్ది" అన్నాడు. "ముందు బ్యూరెట్ తే నాన్నా" అన్నాను. హెడ్డుని తిరగేసి, లెవెల్‌గా పెట్టి, వాల్వులూ ప్లగ్గూ బిగించి, చాంబర్ చుట్టూ గ్రీజు రాసి, మధ్యలో రంధ్రం ఉన్న యాక్రిలిక్ పలక అతికించాలి. బ్యూరెట్‌తో కిరోసిన్ వదిలితే చాంబర్‌లో ఎన్ని సీసీ పట్టిందో తెలుస్తుంది. నాలుగూ సమానంగా ఉండాలి, చిన్నదాన్ని గీసి మిగతావాటితో కలపాలి. దానికి గాస్కెట్ మందంలో ఉండే జాగా, పిస్టన్ పైకి వచ్చినప్పుడు బోరులో మిగిలే జాగా కలపండి.

లెక్క ఇది. ఒక్కో సిలిండర్ 372 సీసీ. మిగిలే జాగా మొత్తం 60 సీసీ అయితే 372కి 60 కలిపి 60తో భాగించండి, కంప్రెషన్ 7.2 వస్తుంది. అదే జాగా 51 సీసీ అయితే 8.3. హెడ్డుని ఒక మిల్లీమీటరు గీస్తే తగ్గేది సుమారు 3 సీసీ, అంటే 7.2 కాస్తా 7.5 అవుతుంది. అంతకుమించి గీస్తే హెడ్డు పలచబడి వంగుతుంది. కాబట్టి 7.2 ఉన్న ఇంజన్ 8 దాటాలంటే ఫేసింగ్‌తో అయ్యే పని కాదు, పిస్టన్లే మార్చాలి. 7.2 నుంచి 8.3కి వెళ్తే లెక్క ప్రకారం నాలుగైదు శాతం లాభం, అదీ అన్ని ఆర్‌పీఎమ్‌లలోనూ. ఇథనాల్ నాకింగ్‌ని తట్టుకుంటుంది కాబట్టి ఇప్పటి పెట్రోలుకి 8.3 ఇబ్బంది కాదు. దీనికోసమే ఇంజన్ కింద భాగం విప్పించాలా అంటే, రింగులు బాగుంటే వద్దంటాను. ఎలాగూ విప్పాల్సి వస్తే మాత్రం ఆ అవకాశం వదులుకోవద్దు.

ఎగ్జాస్ట్

సముద్రం దగ్గర సైలెన్సర్ బయటికి బాగానే కనిపిస్తూ లోపల తుప్పుపట్టి రేకులు ఊడి అడ్డం పడుతుంది. కొట్టి చూస్తే గలగలమంటుంది. ముందు దాన్ని మార్చి మళ్ళీ భీమిలి రోడ్డులో టైం చూడండి. పైపు ఒకటిన్నర అంగుళం నుంచి ఒకటిముప్పావు లోపు ఉంటే ఈ ఇంజన్‌కి చాలు. వీలైతే స్టెయిన్‌లెస్ స్టీలు వేయించండి. సైలెన్సర్ తీసేసి తిరగడం బలం కాదు, పక్కింటివాళ్ళకి బాధ, పోలీసులకి ఫైన్ రాయడానికి అవకాశం. మూడు పోర్టులకి మూడు గొట్టాలున్న మ్యానిఫోల్డ్ దొరికితే మంచిదే, హెడ్డు పని అయ్యాకే దాని ఫలితం కనిపిస్తుంది.

రెండు ఎస్‌యూ కార్బొరేటర్ల మాట ఇప్పుడు ఎత్తుకోవచ్చు. హెడ్డు, ఎగ్జాస్ట్ రెండూ అయ్యాక అవి పైవేగంలో తేడా చూపిస్తాయి. కానీ రెండింటినీ సమానంగా గాలి పీల్చేలా నెలనెలా సరిచూసే ఓపిక ఉండాలి. ఆ ఓపిక లేనివాళ్ళకి బాగా కుదిరిన ఒక్క కార్బొరేటరే మేలు.

వేడి

బలం పెంచితే వేడి పెరుగుతుంది. విశాఖ ఎండాకాలంలో ఇంజన్‌ని ఎంత దూరం తీసుకెళ్ళొచ్చో చెప్పేది రేడియేటరే. బోరునీళ్ళు పోసిన బళ్ళలో రేడియేటర్ గొట్టాలు సున్నం పట్టి పూడుకుపోతాయి, బీచ్ వైపు ఇళ్ళలో నిలబెట్టిన బళ్ళకి రెక్కలు ఉప్పుకి రాలిపోతాయి. చేత్తో తడిమితే పొడిలా ఊడొస్తుంటే కోర్ మార్చాల్సిందే. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ట్యాప్ విప్పి చూడండి. నీళ్ళు రాకపోతే లోపల బురద చేరింది. నాలుగో సిలిండర్ చుట్టూ ఎక్కువ చేరుతుంది, ఆ సిలిండరే ముందు వేడెక్కుతుంది. తీగతో కెలికి, పైపుతో కొట్టి కడగాలి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి.

థర్మోస్టాట్ తీసి పారేయమని చాలామంది సలహా ఇస్తారు. తీసేస్తే ఇంజన్ సరైన వేడికి ఆలస్యంగా చేరుతుంది, మిక్చర్ కుదరదు, బోరు తొందరగా అరుగుతుంది. ఈ ఇంజన్‌కి వేడి దేశాల కోసం 74 డిగ్రీలకి తెరుచుకునే థర్మోస్టాట్ చేశారు, అది వేయండి.

బోరింగ్

రింగులు, బోరు అరిగాయని గేజి చెప్తేనే. 40 థౌ ఓవర్‌సైజ్ పిస్టన్లు వేస్తే 1489 సీసీ 1531 అవుతుంది. పెరిగేది మూడు శాతం కంటే తక్కువ. అంత ఖర్చుకి వచ్చే లాభం సైజులో లేదు, కొత్త రింగులు గాలి పట్టి ఉంచడంలో ఉంది. కాబట్టి 20 థౌతో బోరు శుభ్రపడితే అక్కడే ఆగండి, గోడ మందం మళ్ళీ ఎప్పుడైనా పనికొస్తుంది. నాలుగు పిస్టన్లనీ, నాలుగు కనెక్టింగ్ రాడ్లనీ తూకం వేయించి సమానం చేయించండి. క్రాంకుకి ఉన్నది మూడు మెయిన్ బేరింగులే, ఎంత బాగా కట్టిన ఇంజన్‌నైనా 5000 దాటించకపోవడం మంచిది.

అంబాసిడర్‌లోనే 1992 నుంచి వచ్చిన ఇసుజు 1.8 ఇంజన్ ఎత్తిపెట్టేస్తే గొడవ వదులుతుందని కొందరంటారు. బండి వేగంగా వెళ్తుంది, నిజమే. ఇంజన్ మారిస్తే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో రాయించుకోవాలి. అదీకాక 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్ళకే వర్తిస్తాయి. నా బండికి 2028లో 50 నిండుతాయి. అందుకే దాని బ్లాకు, హెడ్డు, మ్యానిఫోల్డ్ దానివే ఉంచాను. విప్పిన పాత పార్టులు ఏవీ తుక్కు కింద అమ్మకండి, నూనె రాసి గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టండి.

పని పూర్తయ్యాక ఘాట్‌కి వెళ్ళేముందు బ్రేకులు చూపించండి. ఎక్కే వేగం పెరిగిన బండికి దిగేటప్పుడు ఆగే శక్తి కూడా ఉండాలి, నాలుగూ డ్రమ్ములే ఉన్న బండికి మరీ ముఖ్యం. పైకి వెళ్ళాక బలం కొంచెం తగ్గినట్టనిపిస్తే కంగారుపడకండి. వెయ్యి మీటర్ల ఎత్తులో గాలి పది శాతం దాకా పలచబడుతుంది, అక్కడికి తగ్గట్టు జెట్టు మార్చేస్తే కిందకి దిగాక లీన్ అయిపోతుంది. నా బండి హెడ్డు, చల్లగాలి గొట్టం, జెట్టు, డిస్ట్రిబ్యూటర్ పనులతోనే, బోరు ముట్టకుండానే, వెనకటికి సెకండ్‌కి దిగిన మలుపుల్లో చాలావాటిని ఇప్పుడు థర్డ్‌లో ఎక్కుతోంది.

హెడ్డు బిగించాక ఓ ఐదువందల కిలోమీటర్లు నడిపి, ఇంజన్ పూర్తిగా చల్లారాక నట్లు మళ్ళీ బిగించాలి. మధ్యనుంచి మొదలుపెట్టి బయటికి వెళ్తూ, టార్క్ రెంచితో 45 నుంచి 50 ఫుట్ పౌండ్లు. నట్లు బిగిసినప్పుడు గాస్కెట్ ఇంకాస్త అణుగుతుంది, దాంతో ట్యాపెట్ గ్యాప్ మారుతుంది. కాబట్టి అదే రోజు ఎనిమిది ట్యాపెట్లూ మళ్ళీ చూసుకుని, అప్పుడు రాకర్ మూత బిగించండి.